మొగ దగ్గర మొరటు అక్షరాలు

2022 వేసవి. ఒడిశా బరంపురంలోని మా ఫ్లెక్స్ షాపుకు సోనేపూర్ నుంచి అప్పారావు వచ్చాడు. ఊళ్లో కుర్రాళ్ల సంఘానికి అతనే పెద్ద. బాహుడా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టాలన్నాడు. పిక్నిక్‌కు వచ్చినవాళ్లు అక్కడ నీళ్లలో దిగుతారు. అడుగున లాగేసే ప్రవాహం పైకి కనిపించదు. ఆ ఏడాది అలా దిగిన ఇద్దరు పిల్లల్ని కాపాడబోయి, చేపలమ్మే కమలమ్మ తమ్ముడు పోయాడు. పిల్లలు బతికారు.

ఒక్క పూటలో తేలిపోవాల్సిన పని. కానీ అప్పారావు ఫోన్‌లో ఒక సినిమా పోస్టరు చూపించాడు.

"అన్నా, అచ్చరాలు ఇలాగ మొరటుగుండాల. గొడ్డలెట్టి నరికినట్టు."

అలాంటివాటిని మేము డిస్‌ప్లే ఫాంట్ అంటాం. లావుగా, అంచులు చెదిరి ఉండే ఆ అక్షరాలు ఒకటి రెండు మాటలకే పనికొస్తాయి. తెలుగులో మరీ చిక్కు. అంచులు చెదిరితే ముందు పోయేవి వత్తులే. ఆ మాటే చెప్పాను. తలూపాడు. ఊపి, బోర్డంతా అందులోనే కావాలన్నాడు. సరేనని చేశాను. మర్నాడు అలల బొమ్మ అడిగాడు. తర్వాత సంఘం సభ్యుల పేర్లు. ఆ తర్వాత నల్ల కళ్లద్దాలతో తన ఫొటో. ఫొటో పెరిగినకొద్దీ హెచ్చరిక చిక్కిపోయింది. కంప్యూటరు కట్టేసి ఇంటికి పోదామా అనిపించింది.

చివరికి ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు తీసే నమూనా, చూడ్డానికి కమలమ్మను కూడా తీసుకురమ్మన్నాను. వచ్చి చాలాసేపు చూసింది.

"ఏటి బాబూ, అచ్చరాల్ని సేపలు కొరికేసినట్టున్నాయి."

"అదే ఇస్టైలు పిన్నీ," అన్నాడు అప్పారావు. "దూరంనుంచి సూడాల."

అదీ చూద్దామని ప్రూఫ్‌ను రోడ్డవతల గోడకు అంటించాను. మా షాపు ముందు ఆటోలో కూర్చున్న డ్రైవరును చదవమన్నాను. కళ్లు చిట్లించి చూశాడు.

"ఏ సినిమా భాయి? రిలీజెప్పుడు?"

అప్పారావు నవ్వబోయి ఆగిపోయాడు. కమలమ్మ గొంతు పెంచలేదు.

"నా తమ్ముడు పోయిన సోట సినిమా బొమ్మెడతావేటిరా?"

అప్పారావు తల దించుకున్నాడు. "నా ఫొటో తీసీ అన్నా. పేర్లు కూడా తీసీ" అన్నాడు.

అన్నీ తీసేశాను. "ఆగు" అన్న మాట ఒక్కటే ఆ మొరటు ఫాంట్‌లో, బోర్డులో సగం మేర ఉంచాను. అందులో పోవడానికి వత్తులేమీ లేవు. కింద మామూలు అక్షరాల్లో, తెలుగులోనూ ఒడియాలోనూ: "నీళ్లలో దిగొద్దు. ఇక్కడ మనిషి పోయాడు." ఈసారి డ్రైవరు గడగడా చదివి, ఎవరు పోయారని అడిగాడు.

చలికాలంలో ఒక ఆదివారం మొగ దగ్గరికి వెళ్లాను. పిక్నిక్ జనం బోర్డు పక్కన వరసకట్టి సెల్ఫీలు దిగుతున్నారు. "ఆగు" బాగుందట. కింది రెండు లైన్లు ఎంతమంది చదివారో తెలియదు. ఒళ్లు మండింది. అక్కడే చేపలమ్ముతున్న కమలమ్మతో, ఇంత కష్టపడింది ఇందుకా అన్నాను.

"తీసుకోనీ బాబూ. ఫొటో దిగినోడు ఒడ్డునే ఉన్నాడు కదా."

అప్పటినుంచి ఎవరు బోర్డు అడిగినా ఫాంట్ సంగతి ఎత్తను. చూసినవాడు ఏం చెయ్యాలని ముందు అడుగుతాను. చాలామంది జవాబు చెప్పకుండా ఫోన్ తీసి సినిమా పోస్టరు చూపిస్తారు.