సర్టిఫికెట్ ఏదని అడిగిన మా రమణక్క

రమణక్క లేదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం రేపల్లె నుంచి ఫోన్‌లో ఈ మాట విన్నాను. "మళ్ళీ చెప్పమ్మా" అని రెండుసార్లు అడిగాను. వాళ్ళ చెల్లెలు పద్మ రెండుసార్లూ అదే చెప్పింది.

ఇప్పటికీ నా చెవులు నమ్మట్లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. రమణక్క తెనాలిలో మా హాస్పిటల్ రికార్డ్ రూమ్ ఇన్‌ఛార్జి. నేను అక్కడే మేనేజర్‌ని. పన్నెండేళ్ళు కలిసి పనిచేశాం. సొంత అక్క కాదు. ఆ సంగతి నాకెప్పుడూ గుర్తుండేది కాదు.

మా దగ్గరికి వచ్చిన ఏ ఆడమనిషినైనా అక్క అడిగే మొదటి ప్రశ్న, "పుట్టింటి ఇంటిపేరు ఏంటమ్మా?"

కొత్తవాళ్ళకి ఒళ్ళు మండేది. "జ్వరమని వస్తే పుట్టింటి గొడవ ఎందుకండీ మీకు?" అని చుండూరు నుంచి వచ్చిన నాగమణి అనే ఆవిడ దెబ్బలాటకే దిగింది. ఆ రోజు ఫైల్ తీసింది నేను. అదే ఊరు, అదే పేరు, ఆఖరికి భర్త పేరు కూడా అదే అయిన ఇంకో నాగమణి ఫైల్ తీసుకెళ్ళి డాక్టర్ గారి టేబుల్ మీద పెట్టేశాను.

అక్క పరుగెత్తుకొచ్చి లాక్కుంది. "ఆవిడకి షుగరు. ఈవిడకి లేదు!"

"నీకు మేనేజర్ ఉద్యోగం ఎవరిచ్చారు శీనూ?" అని వారం రోజులు నన్ను ఏడిపించింది.

ఎవరికి ఏ మందు పడదో ఒక పొడుగాటి రిజిస్టర్‌లో రాసి పెట్టేది. పేరు, పుట్టింటి ఇంటిపేరు, అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి. పడని మందు పేరు మాత్రం ఎర్ర ఇంకుతో.

పోయినేడాది ఈ రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ కొనాల్సి వచ్చింది. గవర్నమెంటు పరీక్షించి జాబితాలో పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చిన కంపెనీ అయితేనే తీసుకుందామని అక్క పట్టుబట్టింది.

సెలవు పెట్టుకుని మరీ బస్సెక్కి బాపట్ల వెళ్ళింది. అక్కడొక హాస్పిటల్లో అలాంటిది వాడుతున్నారని విని, వాళ్ళ రికార్డ్ రూమ్‌లో సాయంత్రం దాకా కూర్చుని చూసొచ్చింది. మూడు కంపెనీల పేర్లు ఒక కాగితం మీద రాసి నా చేతికిచ్చింది.

ఆ కాగితం సొరుగులో పడేశాను.

ఆ కంపెనీల వాళ్ళు రెండు నెలలు పడుతుందన్నారు. నాకేమో ఇన్‌స్పెక్షన్ తరుముకొస్తోంది. ఇంకొకాయన ఎవరో వచ్చి వారంలో పెట్టేస్తానన్నాడు.

డెమో రోజు అందరం కూర్చున్నాం. అక్క లేచింది.

"సర్టిఫికెట్ ఏదండీ?"

"ప్రాసెస్‌లో ఉంది మేడమ్."

"అంటే లేదనేగా. రేపు మీరు కంపెనీ మూసేసుకుంటే మా పేషెంట్ల వివరాలు మాకెవరిస్తారండీ?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. "అక్కా, నువ్వు ఊరుకో" అన్నాను, అందరి ముందూ.

అక్క ఊరుకుంది.

నేను ఊరుకోలేదు. ఆయన దగ్గరే కొన్నాను. కంప్యూటర్ వచ్చాక ఇవన్నీ ఎందుకని ఎర్ర ఇంకు రిజిస్టర్‌తో సహా పాత పుస్తకాలన్నీ మూటలు కట్టించి స్టోర్ రూమ్‌లో వేయించాను.

రెండు వారాల క్రితం ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. తెరిస్తే లైసెన్స్ అయిపోయిందని మెసేజ్ వస్తోంది. అమ్మినాయన ఫోన్ స్విచాఫ్. రేపో మాపో దొరుకుతాడులే అని నేను మూటలు విప్పించలేదు.

అక్క ఒక్క మాట కూడా దెప్పలేదు. శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్తూ, "ఇప్పటికైనా ఆ బాపట్ల కాగితం తియ్యి శీనూ" అంది.

"సోమవారం చూద్దాంలే అక్కా" అన్నాను.

ఇవాళ సోమవారం.

శనివారం రేపల్లెలో చెల్లెలి ఇంటికి వెళ్ళింది. వెళ్ళగానే జ్వరం. ఆదివారం పొద్దున్నకి స్పృహలో లేదు. పద్మ నా నంబరిస్తే, అక్కడి హాస్పిటల్ నుంచి డాక్టర్ గారు నాకు ఫోన్ చేశారు. నేను డ్యూటీలోనే ఉన్నాను.

"ఈవిడకి ఏదో ఇంజెక్షన్ పడదని చెల్లెలు గారు అంటున్నారండి. పేరు తెలీదట. మీ రికార్డు చూసి చెప్పండి, కాస్త త్వరగా."

స్క్రీన్ మీద అదే మెసేజ్.

స్టోర్ రూమ్‌కి పరుగెత్తాను. ఎన్ని మూటలో. ముడులు చేత్తో రాకపోతే పళ్ళతో లాగాను. డాక్టర్ గారు మళ్ళీ చేశారు. "ఇంక ఆగలేమండి" అన్నారు. ఆయన తప్పు ఏమీ లేదు. ఎంతసేపని ఆగుతారు?

రిజిస్టర్ దొరికేసరికి ముప్పావు గంట అయింది. ఫోన్ చేస్తే పద్మ ఎత్తింది.

ఆగలేక వేసిన ఆ ఇంజెక్షన్ వల్ల జరిగిందో, ఇన్‌ఫెక్షన్ అప్పటికే ముదిరిపోయిందో కచ్చితంగా చెప్పలేమని డాక్టర్ గారు అన్నారు. ఆ మాట పట్టుకుని కాస్త ఊపిరి తీసుకుందామని నిన్నటి నుంచి చూస్తున్నాను. నా వల్ల కావట్లేదు.

హాస్పిటళ్ళలో, క్లినిక్‌లలో పనిచేసే ఫ్రెండ్స్, మీ కాళ్ళు పట్టుకుంటాను. సర్టిఫికెట్ కళ్ళతో చూడకుండా ఏదీ కొనకండి. కంపెనీ పోతే మీ డేటా మీకెలా వస్తుందో సంతకం పెట్టకముందే అడగండి. అడిగేవాళ్ళు మీ దగ్గర ఒక్కరున్నా, వాళ్ళని ఊరుకోమనకండి.

రిజిస్టర్ ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది.

మొదటి పేజీలో మొదటి పేరు అక్కదే. పుట్టింటి ఇంటిపేరుతో సహా రాసుకుంది. ఇంజెక్షన్ పేరు ఎర్ర ఇంకుతో, కింద రెండు గీతలు.

బావగారు ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. ఎవరికి ఫోన్ చేయాలి అన్నచోట నా నంబరు ఉంది. పక్కన "మా తమ్ముడు" అని రాసింది.

ఫోన్ చేశారక్కా. ఎత్తాను. చెప్పలేకపోయాను.

వెళ్ళిరా అక్కా. నీ ప్రాణానికి ఇకనైనా నెమ్మది దొరకాలి.