మార్టూరు నుంచి పొగగది దాకా

ఉదయం ఆరుంబావుకి నేనూ ఏసురత్నం బాబాయీ మార్టూరులో గుంటూరు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. బాబాయి ఫైర్ స్టేషన్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని చూసే మా చెల్లెలు సునీత ఆ ఉద్యోగంలో చేరింది. గుంటూరు శివారులో శిక్షణ. పొగగది పరీక్ష ఒకసారి తప్పింది. ఇవాళ రెండోసారి. ఇదీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. చూడ్డానికి పాత ఉద్యోగులను కూడా పిలిచారు. బాబాయికి తోడు నేను.

చిలకలూరిపేట దాటగానే రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. మిరప కోతల కాలంలో అటు వెళ్ళేవాళ్ళు జేబురుమాలు దగ్గర పెట్టుకోవాలి. సగం బస్సు తుమ్ముతోంది. బాబాయికి పాత దగ్గు తిరగబెట్టింది.

"మాస్కు పెట్టుకోండి పెద్దాయనా," అన్నాడు పక్క సీటాయన.

"మా ట్రైనింగ్‌లో మాస్కులెక్కడియ్యా? గదిలో పెట్టి తలుపేసి, నిప్పుల మీద గుప్పెడు మిరపకాయలు పోసేవాళ్ళు. మొహానికి తడి తువ్వాలు. ఆఖర్న బయటికొచ్చినోడే మొనగాడు!"

తర్వాత ఒక గోడౌన్ చూపించి మస్తాన్ కథ ఎత్తుకున్నాడు. మేం దాన్ని వింటూనే పెరిగాం. మస్తాన్ బాబాయితో పాటు ఉద్యోగంలో చేరినవాడు, చిలకలూరిపేట మనిషి. తగలబడుతున్న ఆ మిరప గోడౌన్లోకి, లోపల చిక్కుకున్న కూలీ కోసం వెళ్ళాడు. పట్టిన చెయ్యి వదల్లేదు. ఇద్దరూ లోపలే పోయారు.

"ఆ చెయ్యి వదిలేసి మా ఆయన ఎందుకు రాలేదన్నా అని వాడి భార్య ఏడిస్తే కసిరి నోరు మూయించాను. మొనగాడి పెళ్ళానివి, అదేం మాటమ్మా అన్నాను," అన్నాడు గర్వంగా.

ఏడున్నరకి గుంటూరు. బస్టాండు ఎదురుగా కారప్పొడితో వేడి ఇడ్లీ తిని, షేర్ ఆటోలో తలా ఇరవై ఇచ్చి తొమ్మిదికి శిక్షణ మైదానం చేరాం.

అక్కడ నేను నోరెళ్ళబెట్టి నిలబడిపోయాను. నాలుగంతస్తుల కట్టడం మీంచి తాళ్ళతో శిక్షణలో ఉన్న పిల్లలు సాలెపురుగుల్లా దిగుతున్నారు. ఒక్కొక్కరి వీపున గాలి సిలిండరు, మొహమంతా కప్పే మాస్కు. పొగగదిలో కంటికి ఏమీ ఆనదు గానీ, ఒంటి వేడిని పట్టే కెమెరా లోపలి మనుషుల్ని బయట తెర మీద చూపిస్తోంది. ఇద్దరిద్దరుగా వెళ్ళి, ఇసుక నింపిన మనిషి బొమ్మను తేవాలి. గాలి తగ్గితే సిలిండరే ఈల వేస్తుందట.

"అమ్మాయ్, పట్టుకున్నాక బొమ్మని మాత్రం వదలమాక!" అని బాబాయి కేకేశాడు. పొగగది గుమ్మం దగ్గరున్న సునీత తల ఊపలేదు.

పదిన్నరకి సునీతా, ఇంకో అమ్మాయీ లోపలికి వెళ్ళారు. తెర మీద రెండు ఆకారాలు పాకుతూ బొమ్మను పట్టుకుని లాగుతున్నాయి. సగం దూరం వచ్చారో లేదో ఈల. సునీతది కాదు, తోటి అమ్మాయిది. సునీత బొమ్మను వదిలేసి ఆ అమ్మాయి భుజం పట్టుకుంది. ఇద్దరూ బయటికొచ్చేశారు. నా ప్రార్థన సగంలో ఆగిపోయింది. ఇక ఇంటికే అనుకున్నాను.

"పాస్," అని రాసుకున్నారు శిక్షణాధికారి.

"వదిలేసింది కదండీ!" అన్నాడు బాబాయి.

"అందుకేనండి పాస్. ఈల మోగాక లోపలుంటే ఒకర్ని కాదు, ముగ్గుర్ని మోసుకురావాలి. అటు చూడండి."

నిండు సిలిండర్లతో అప్పటికే లోపలికెళ్ళిన రెండో జట్టు బొమ్మను గుమ్మం దాటిస్తోంది.

చెమటతో తడిసిన సునీత మాస్కు తీసింది. "పోయినసారి ఎందుకు ఫెయిలయ్యానో నీకు చెప్పలేదు బాబాయ్. నువ్వు చెప్పావని, ఈల మోగినా బొమ్మని వదల్లేదు."

బాబాయి ఆమె వీపున ఉన్న సిలిండరును చేత్తో తడిమి చూశాడు.

రెండింటికి తిరుగు బస్సు. కిటికీలోంచి అవే ఎర్రటి కల్లాలు. ఇరవై ఏళ్ళ పిల్లలకు పొగలోకి వెళ్ళడమే కాదు, తిరిగి రావడమూ నేర్పుతున్నారన్న ఆశ్చర్యం నన్ను వదల్లేదు. ఆ గోడౌన్ వచ్చినా బాబాయి మస్తాన్ కథ ఎత్తలేదు. చేతిలో మార్టూరు టిక్కెట్టు ఉండగానే చిలకలూరిపేటలో లేచాడు.

"ఇక్కడెందుకు బాబాయ్?"

"మస్తాన్ ఇంటికెళ్ళాలి. ఆమె ఆ రోజు అడిగింది సరైన మాటేనని చెప్పొస్తానమ్మా."