ప్రస్థానం సంచి, ఫ్రాన్సు మంచు

మా చిన్నప్పుడు ఇంగ్లండులో, స్విండన్ ఇంట్లో జనవరి వచ్చిందంటే హాల్లో కాలు పెట్టే చోటుండేది కాదు... నేలంతా యూరప్ పరిచి ఉండేది. నాన్న అట్లాస్ పేజీలు విడదీసి, టేపుతో అతికించి, డోవర్ రేవు నుంచి ఫ్రెంచి ఆల్ప్స్ కొండల దాకా పచ్చ హైలైటర్‌తో గీత గీసేవారు. మర్నాటికి ఆ దారి నచ్చేది కాదు. మళ్ళీ ఇంకో గీత...

అమ్మ పోపులడబ్బా పట్టుకుని అటుగా వస్తే చాలు, "పారిస్ తొక్కుతున్నావ్, చూసుకో!" అని అరిచేవారు.

నాకప్పుడు పదేళ్ళు. ఒక్కచోట కుదురుగా కూర్చునే రకాన్ని కాదు. రెండు చలికాలాలుగా ఇదే వరస... ఒకసారి వీసా సెలవులైపోయాక వచ్చింది. ఇంకోసారి కారు గేర్‌బాక్స్ పోయింది. ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవులు అవగానే మా క్లాసు పిల్లలు మంచుకొండల ఎండకి కళ్ళజోడు మేర తెల్లగా, మిగతా మొహమంతా ఎర్రగా కమిలిపోయి వచ్చేవాళ్ళు. నేనేమో స్లౌలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళొచ్చానని చెప్పుకోవాలి. అందుకే ఈసారి ముందే స్కూలంతా టముకు వేసేశాను, స్కీయింగ్‌కి వెళ్తున్నామని.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని అమ్మ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఈసారి కూడా వెళ్ళకపోతే ఆ క్లాసులో తలెత్తుకోలేను మరి.

చారిటీ షాపులో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న ఊదారంగు స్నో సూటు వేసుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. గది వెచ్చబెట్టే రేడియేటర్ పక్కన చెమటలు కారుతున్నా విప్పేదాన్ని కాదు. ఎదురుపడ్డప్పుడల్లా, "ఆర్ వి గోయింగ్ ఆర్ నాట్, నాన్నా?"

"వెళ్తున్నామే తల్లీ... నా ప్రాణాలు తోడెయ్యకు."

అన్నీ కుదిరాయి అనుకునేసరికి తెనాలిలో అమ్మమ్మ పంచాంగం తీసింది. కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, అమ్మ శనివారం ప్రయాణమని చెప్పింది.

"శనివారం తూర్పుకా? వారశూలమ్మా! ఆ రోజు తూర్పుకి గుమ్మం దాటకూడదు."

నాన్న అందుకున్నారు. "డోవర్ దాకే తూర్పు అత్తయ్యగారూ. ఆ తర్వాత దక్షిణమేనండీ."

"ముందడుగు ఎటు వేస్తారు నాయనా?"

"...తూర్పుకేనండీ."

పడవ టిక్కెట్లు కొనేశాం, మారదు. దానికీ అమ్మమ్మ దగ్గర మందుంది. శుక్రవారం మంచిది కాబట్టి ఆ పొద్దున్నే సామానులో ఒక సంచి ఇల్లు దాటించి వేరే వాళ్ళింట్లో ఉంచాలి. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. ఇక ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. ఆ సంచి మళ్ళీ ఇంటికి రాకూడదు, వెళ్తూ దారిలో తీసుకోవాలి.

రెండు వీధుల అవతల పద్మ ఆంటీ వాళ్ళుండేవారు. అమ్మ అక్కడ సంచి పెట్టొచ్చింది. పాత తువ్వాళ్ళు పెడితే దేవుణ్ణి మోసం చేసినట్టే కదా అనుకుని, ప్రయాణానికి అసలైనవే పెట్టిందట... నాన్నకు ఆ మాట చెప్పలేదు.

శనివారం తెల్లవారుతూనే బయల్దేరాం. రైస్‌కుక్కర్, పులిహోర డబ్బా, మంచులో చక్రాలకు కట్టే గొలుసులు, వాటి మీద నేను. రెడింగ్ దాటాక నాన్న హుషారుగా, "పాస్‌పోర్టులు ఓసారి ఇటివ్వు" అన్నారు.

అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏమండీ... ప్రస్థానం సంచిలో ఉన్నాయండీ."

హడావుడిలో ఆ సంచి సంగతే మరిచిపోయాం. వెనక్కి తిరిగాం. ఆంటీ వాళ్ళింటికి తాళం! నాన్న మొబైల్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు కార్డిఫ్‌లో చుట్టాలింట్లో తేలారు. "కంగారు పడకండి, నేనొచ్చేస్తున్నా" అన్నారు అంకుల్.

ఆ ఎదురుచూపు ఇప్పటికీ మర్చిపోలేను. తాళం వేసిన ఇంటి ముందు కారు, కారులో స్నో సూటుతో నేను... ఈసారీ ఇంతే అనిపించి ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మమ్మతో జన్మలో మాట్లాడనన్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. నాన్న పేవ్‌మెంట్ మీద పచార్లు చేసి చేసి, వచ్చి స్టీరింగ్ మీద మ్యాపు పరిచారు.

"మంచు ఎక్కడికీ పారిపోదులే" అన్నారు. నాకు చెప్పారో, అమ్మకు చెప్పారో తెలీదు.

అంకుల్ ఇంట్లో చెప్పులతోనే వచ్చేశారు. సంచి చేతికిచ్చి, కారు పక్కన నిలబడే మా పులిహోర తిని వెళ్ళారు. మా పడవ ఎలాగూ వెళ్ళిపోయింది. డోవర్‌లో బతిమాలుకుంటే రాత్రి ఆఖరి పడవలో చోటిచ్చారు. ఫ్రాన్సులో దిగేసరికి ఆదివారం వచ్చేసింది.

కొండ కింద ఫోన్ బూత్ నుంచి అమ్మ జరిగిందంతా చెబితే అమ్మమ్మ గెలిచినట్టు నవ్వింది. "చూశావా, శనివారం మిమ్మల్ని కదలనిచ్చిందా? వెళ్ళేది ఆదివారమని రాసుంది!" జన్మలో మాట్లాడనన్న నేనే రిసీవర్ లాక్కుని, "అమ్మమ్మా, ఇట్స్ ఆల్ వైట్!" అని అరిచాను. ఆవిడకి ఏమర్థమైందో గానీ, "చెవులకి గుడ్డ కట్టుకో" అంది.

మొన్న మా పిల్లలతో అదే కొండకి వెళ్ళాను. ప్లాను వేయడం టీ చల్లారేలోపే అయిపోయింది. నాన్న అట్లాస్ అటకెక్కింది. వెనక సీట్లో పిల్లలు ట్యాబ్‌లోంచి తల ఎత్తలేదు, వెళ్తామా లేదా అని ఒక్కసారీ అడగలేదు...

మీ ప్రయాణాలకి అలా అడ్డం పడ్డ పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళ ముచ్చట్లు కింద రాయండి, చదువుకుంటాను.

మొన్న దారంతా ఫోన్లో మ్యాప్ గొంతు ప్రతి మలుపులోనూ ఎటు తిరగాలో చెబుతూనే ఉంది. బయల్దేరేముందు "ముందడుగు ఎటు వేస్తారు?" అని అడిగే అమ్మమ్మే లేదు.