ఏడో మిషన్ మీద పడ్డ కిరణం

అరే, మొన్న నా ఎంటెక్ ప్రాజెక్ట్ వైవాల నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, ఇనుండ్రి! చాయ్ పైలం, ముక్కులకెక్కుతది!

మా కాలేజ్ ఊరవతల, గండిమైసమ్మ దాటినంక ఉంటది గదా. ఆడ పదహారు పాత కంప్యూటర్లు కలిపి ఒక్క సూపర్ కంప్యూటర్ లెక్క నడిపిస్తం. పెద్ద లెక్క నడిచేటప్పుడు మెమరీల ఒక్క సున్నా ఒకటైనా సాలు, జవాబంత ఆగం! నా ప్రోగ్రామ్ ఏం జేస్తదంటే, ప్రతి అడ్డవరుసకు, నిలువు వరుసకు మొత్తం కూడి పెట్టుకుంటది. ఏడనన్న అంకె మారితే మొత్తం కుదరదు, టక్కున పట్టి సరిజేస్తది. టెస్టింగ్ కోసం, కావాలని అంకెలు ఖరాబ్ జేసే ఇంకో చిన్న ప్రోగ్రామ్ గూడ నేనే రాసిన. వైవా ముందురోజే దాన్ని బంద్ జేసిన.

వైవా పొద్దుగాల కరెంట్ పోయొచ్చింది. మిషన్లు మల్ల ఆనైనయ్. నా ప్రోగ్రామ్ మొదలువెట్టిన్నో లేదో, స్క్రీన్ మీద ఏడో మిషన్‌ల తప్పు దొరికిందని వచ్చింది! సరిజేసినట్టు గూడ వచ్చింది! అసలైన మెమరీ తప్పు! ఎన్ని నెలలు ఎదురుసూసినా దానంతటది ఒక్కటి రాలే, ఇయ్యాల్నే వచ్చింది!

ల్యాబ్ జూసుకునే యాదయ్యన్న రబ్బర్ పట్కొని ఉరికొచ్చిండు. "ర్యామ్ తీసి దీంతోని రుద్దితే మెమరీ తప్పులు పోతయ్ తమ్మీ, రెండు నిమిషాల పని."

"అన్నా, నీకు దండం వెడ్త, ముట్టకు! అది బంగారం!"

మా గైడ్ మూర్తి సార్‌ని చెయ్యి వట్టి గుంజుకొచ్చిన. ఆయనది కాకినాడ దిక్కు, ఏదీ ఊకె నమ్మడు. గసొంటాయన గూడ కుర్చీల కూసోలేకపోయిండు. "ఏవయ్యా, నిజమే! పరీక్షకొచ్చే మేడమ్ గారికి ముందు ఇదే చూపించు!"

వైవా తీసుకునెతందుకు బయటి యూనివర్సిటీ మేడం వచ్చింది. నేను షురూ జేసిన. "మేడం, అంతరిక్షంలోంచి వచ్చే కిరణాలు మెమరీని తాకితే..." చేతులు ఊపుకుంట పావుగంట దంచిన! ఆమె స్క్రీన్ దిక్కు ఓసారి, చేతి గడియారం దిక్కు ఓసారి సూస్తనే ఉంది.

"బాబూ, తప్పు సరిగ్గా నిమిషానికొకటి వస్తోంది. నేను మీ బస్సు కోసం గంట నిలబడి వచ్చాను. బస్సుకే లేని టైము మీ కిరణాలకెలా వచ్చింది?"

ఏడో మిషన్‌ల ఏమేం నడుస్తున్నయో తీసి సూసిన. టెస్టింగప్పుడు కరెంట్ పోయినప్పుడల్లా నిమిషానికొక అంకె ఖరాబ్ జేసే ఆ ప్రోగ్రామ్ మల్ల మల్ల పెట్టుడు యాష్టకొచ్చి, ఏడో మిషన్ ఆన్ కాంగనే దానంతటదే నడిచేటట్టు జేసిన. ముందురోజు ప్రోగ్రామ్ బంద్ జేసిన గని, ఆ ఆటోమేటిక్ సెట్టింగ్ తీసుడు మర్శిన!

"మేడం... ఆ కిరణాలు నావే."

మూర్తి సార్ నెత్తి పట్టుకున్నడు. మేడం మాత్రం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వి, పెన్ను తీసింది.

"పాస్ చేస్తున్నానయ్యా. నిన్ను కాదు, నీ ప్రోగ్రామ్‌ని. లోపల కూర్చుని నువ్వే పాడుచేస్తున్నా ఒక్క జవాబూ తప్పు రానివ్వలేదు, పాపం!"

పోనీ తియ్యిండ్రి, పట్టా మీద నా పేరే ఏస్తరంట!