డాక్టరమ్మ కారు ఇంజన్‌లో సంగటి

1963లో హోసూరులో బెంగుళూరు రోడ్డు పక్కన నాకొక రేకుల మెకానిక్ షెడ్డు ఉండేది. బాగుచేయడానికి వచ్చేవన్నీ లారీలు, జీపులు. స్పోర్ట్స్ కారంటే ఒక్కటే, డాక్టరమ్మది. రెండే సీట్లు, మడిచే టాపు, ఇంగ్లండు బండి. చనిపోయిన భర్త ముచ్చటపడి కొన్నది. ఆమె అందులోనే పల్లెలకు పోయి కాన్పులు చేసేది. ఆ ఇంజన్ మీద చెయ్యి వేయడమంటే నాకు పండగే.

ఆ వేసవిలో దాన్ని ఎద్దులు లాక్కొచ్చాయి. రేడియేటర్ కారుతుంటే అందులో పిడికెడు రాగిపిండి వేస్తారు మా వైపు లారీ డ్రైవర్లు. పిండి ఉడికి చిల్లి మూసుకుంటుంది. ఊరు చేరేదాకా సరిపోతుంది. ఆ మాట విని డాక్టరమ్మ ఏకంగా చాటెడు పోసేసింది. ఇంజన్ పైమూత హెడ్‌ను విప్పి చూస్తే, నీళ్లు తిరిగే దారుల నిండా గట్టిపడిన సంగటి! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందమ్మా, ఇంజన్‌కు సంగటి కెలికి పెట్టినారా?"

"ఎక్కువ పోస్తే బాగా ఆగుతాదనుకున్నానప్పా," అంది నా మొహం చూసి నవ్వు ఆపుకుంటూ.

నీళ్లు తిరగక బ్లాక్, అంటే సిలిండర్లుండే పోత ఇనుప దిమ్మ, పగిలిందేమోనని అనుమానం. కడిగి, కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి అద్దాను. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు సుద్దను తడుపుతుంది. కాసేపటికి వెంట్రుకంత గీత తేలింది. బ్లాక్ పగిలింది.

ఇక రెండే దారులు. బ్లాక్‌ను మద్రాసు పంపి అతికించి, ఇంగ్లండు నుంచి పిస్టన్లు తెప్పించి పాత ఇంజన్‌నే రీబిల్డ్ చేయడం ఒకటి. దానికి దిగుమతి లైసెన్సులు కావాలి, నెలలు పడతాయి. రెండోది, బెంగుళూరులో దొరికే మామూలు కారు ఇంజన్ బిగించడం. వారంలో బండి తిరుగుతుంది గానీ ఆ వేగం ఉండదు, అది పట్టాలంటే బానెట్ కూడా కోయాలి.

"కొంచెం ఓర్చుకోండమ్మా, నేను దీన్ని బతికిస్తాను. ఇట్లాంటి ఇంజన్ మళ్లా యాడ దొరుకుతాది?" అని బతిమాలాను.

"కెలవరపల్లిలో గొర్రెలు మేపే చిన్నమ్మకు నెలలు నిండుతాండాయి. పోయిన కాన్పుకు నేను పోయేటప్పటికే బిడ్డ పోయింది. ఈసారీ ఎద్దులబండిలో ఆలస్యంగా పోయి ఆయమ్మకు ఏమని చెప్పేదప్పా? కోసెయ్."

కోశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజన్ బిగించి ఇచ్చిన రోజు ఆమెతో సరిగ్గా మాట్లాడను కూడా లేదు.

తొలి వానలప్పుడు ఒళ్లంతా బురదతో ఆ కారు షెడ్డు ముందు ఆగింది. డాక్టరమ్మ పక్క సీట్లో చిన్నమ్మ, ఆమె ఒడిలో పాత చీర చుట్టిన పసిగుడ్డు. తల్లినీ బిడ్డనూ ఆసుపత్రికి తీసుకుపోతోంది.

"బిడ్డ అడ్డం తిరిగిండెనప్పా. ఇంకొంచేపైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు," అంది డాక్టరమ్మ, ఇంజన్ ఆపబోతూ.

"ఆపొద్దమ్మా," అంది చిన్నమ్మ గాభరాగా. "సద్దు నిలిస్తే పాప లేస్తాది."

అప్పటి నుంచి, ఇంజన్ మార్చాలా, బాగుచేయాలా అని ఎవరడిగినా నేను ముందు అడిగేది ఒకటే: "ఈ బండి యాడికి పోవాలప్పా?"