క్యారెట్లు కడిగే నీళ్లు

వెనాన్సియో పిరికివాడని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. కుక్క మొరిగితే దారి మార్చుకునే మనిషి. కొండవాలులో క్యారెట్లు పండించి సంతకు చేర్చడం తప్ప వేరే సాహసం ఎరగడు. అలాంటివాడికి దేవుడు ఎలదియాను జతచేశాడు. ఆవిడ నోటికి సంతలో దళారులు కూడా జడిసేవాళ్లు. ప్రభువు ఈ ఇద్దరినీ తారుమారు చేసి పుట్టించాడని వాళ్ల చర్చి సంఘంలో అందరూ నవ్వేవాళ్లు.

జబ్బు వచ్చాక ఆ నవ్వులు ఆగిపోయాయి. మొదట ఎలదియా అరికాళ్లు మొద్దుబారాయి. తర్వాత చేతిలోవి జారిపోవడం, నడుస్తూ నడుస్తూనే మోకాలు మడతపడటం మొదలైంది. ఒక్కోసారి పూర్తిగా తగ్గిపోయేది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ వచ్చేది. పట్నం ఆసుపత్రిలో రక్తం తీసి చూసి ఏమీ తేలలేదన్నారు. రాజధానిలో పెద్ద యంత్రం ఉంది, అందులో పడుకోబెట్టి చూడాలి, వంతు వచ్చాక కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాలేదు. పేరు లేని ఆ జబ్బంటే వెనాన్సియోకు గుండెదడ. పేరుంటే కనీసం ప్రార్థనలో ఆ పేరు పెట్టి గద్దించవచ్చు కదా.

నీళ్లు మోశాడు, ఆవిడ జడ అల్లాడు, మగాళ్లెవరూ ముట్టని మొక్కజొన్న పిండి కూడా కలిపాడు. అతను తట్టిన రొట్టె చూసి, ఇది తినడానికా, చెప్పుకు అడుగు వేయించుకోవడానికా అని అడిగింది ఎలదియా. ఆవిడ వెక్కిరించిన రోజు అతనికి పండగే. మాట్లాడకుండా పడుకుంటే మాత్రం ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు.

ఎముకల్లో చలి దూరిందని ఎలదియా తల్లి తోమాసా తేల్చేసింది. చలికి మందు ఆవిరిగది. ఆ కొండల్లో ప్రతి పెరట్లోనూ రాళ్లతో, మట్టితో కట్టిన ఆవిరిగది ఉంటుంది. దగ్గు నుంచి బాలింత నొప్పుల దాకా అన్నిటికీ అందులోకే దూరతారు. సంఘంలో చేరినవాళ్లు సారా మానేశారు, పటాలకు మొక్కడం మానేశారు, ఆవిరిగదిని మాత్రం ఎవరూ మానలేదు.

వెనాన్సియో ఉపవాసం ఉండి పొయ్యి రాజేసేవాడు. ఎలదియాను ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లి, కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుతూ స్తుతిగీతాలు పాడేవాడు. ఒకసారి అలా చేసిన కొన్నాళ్లకు ఆవిడ లేచి నడిచింది. ఆదివారం అతను సంఘం ముందు నిలబడి, మా ఆవిరిగదిలోనే ప్రభువు నా భార్యను ముట్టి బాగుచేశాడని సాక్ష్యం చెప్పాడు. మందిరం చప్పట్లతో దద్దరిల్లింది. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టినప్పుడల్లా సంఘం ఆడవాళ్లు కట్టెలు పంపారు, వెనాన్సియో వేడి పెంచాడు.

బయటికి వచ్చాక ఎలదియా మరీ వాలిపోతోందని అతని కళ్లకు కనబడుతూనే ఉంది. చలి బయటికి పోతోంది, అందుకే అలా అవుతుందనేది తోమాసా. భయపడటం అవిశ్వాసమని పాస్టర్ చెప్పాడు. కాబట్టి తన కళ్లు చూసినదాన్ని పాపం లెక్కన అణచుకుని, వెనాన్సియో మళ్లీ పొయ్యి రాజేశాడు.

ఆ మధ్యాహ్నం దుప్పటి చుట్టి బయటికి తెచ్చేసరికి ఎండ ఆవిడ ముఖం మీదే పడుతోంది.

"పొద్దుగూకిందా?" అంది ఎలదియా.

వెనాన్సియో ఆవిడ ముఖం ముందు చెయ్యి ఊపాడు. రెప్ప కదలలేదు. వేడి చాలలేదు, మళ్లీ లోపలికి తీసుకెళ్లమంటూ తోమాసా కట్టెల కోసం పరుగెత్తింది. ఎలదియా తడుముకుంటూ మొగుడి చొక్కా పట్టుకుంది.

"లోపలికి వద్దయ్యా. వేడికే ఇలా అవుతోంది. ప్రతిసారీ అంతే."

"మరి చెప్పవేమే?"

"నువ్వు అందరి ముందూ సాక్ష్యం చెప్పేశావు. నీ మాట అబద్ధం చెయ్యలేక ఊరుకున్నా. క్యారెట్ల తొట్టి దగ్గరికి తీసుకుపో. నన్ను నీళ్లలో దించు."

పొలం అంచున క్యారెట్లు కడిగే తొట్టిలో కొండ ఊట నీళ్లు పారుతుంటాయి. చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆవిరిలోంచి చన్నీళ్లలోకి వెళ్లిన మనిషి బతకదని ఆ కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వెనాన్సియోకు ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు.

"చచ్చిపోతావే," అన్నాడు.

"నాకూ భయంగానే ఉంది. ఆ గదంటే ఇంకా భయం."

అతను ఆవిడను ఎత్తుకుని తొట్టి వైపు తిరిగాడు. కట్టెలతో వచ్చిన తోమాసా సంగతి గ్రహించి దారికి అడ్డం నిలబడింది. నా బిడ్డను చంపేస్తావురా అని శాపనార్థాలు పెట్టింది. కుక్కకే దారి వదిలే మనిషి ఆ రోజు అత్తగారిని భుజంతో నెట్టుకుని నడిచాడు. పెళ్లాన్ని ఎత్తుకునే తొట్టిలోకి దిగాడు. ఆవిడ ఒక్కసారి ఊపిరి బిగబట్టింది, ఒళ్లు బిగుసుకుంది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. చంపేశాను ప్రభువా అనుకున్నాడు. ఎంతసేపు నిలబడ్డాడో అతనికి తెలీదు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఒక కాజాలో పెట్టాల్సిన గుండీ ఇంకోదాంట్లో పెట్టుకున్నావు," అంది ఎలదియా, అతని చొక్కా వైపు చూస్తూ.

వెనాన్సియో నీళ్లలోనే భోరుమన్నాడు.

చూపు తిరిగొచ్చింది గానీ జబ్బు పోలేదు. మర్నాడు ఆదివారం. ఆవిడను వీపున మోసుకుని మందిరానికి వచ్చాడు. సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాడు. కట్టెలు పంపిన ఆడవాళ్లంతా నవ్వుముఖాలతో అతని వైపు తిరిగారు.

"నా సాక్ష్యం తప్పు. ఎలదియాకు తగ్గింది ఆవిరిగది వల్ల కాదు. నా చేతులతోనే దాన్ని ఉడకబెట్టాను. నాకు చాలా భయంగా ఉంది. భయపడుతూనే అడుగుతున్నాను, మాకోసం ప్రార్థన చెయ్యండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టర్ తల వంచుకున్నాడు. ఎలదియా అతని ముంజేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ వేళ్లకు ఇంకా స్పర్శ లేదు. ఎంత గట్టిగా పట్టుకుందో ఆవిడకు తెలీదు. అతనూ చెప్పలేదు.