రామసుబ్బమ్మ పూజించిన ఆరు బస్తాలు

“గడ్డిని కుళ్లబెట్టింది కాక దానికి డబ్బులు కూడా అడగతా ఉండావే, సిగ్గులేదామే నీకు?”

కొండాపురంలో తన కొట్టం ముందర, నలుగురు రైతులు వింటుండగా రామనారాయణ అడిగిన మాట ఇది. అడిగించుకున్నది మల్లీశ్వరి. సిగ్గు సంగతి తర్వాత చూసుకోవచ్చని, ముందు ముక్కుకు పని చెప్పింది. విప్పిన బస్తాలోంచి ఇడ్లీపిండి పులిసిన వాసన రావాలి. వస్తున్నది వానకు తడిసిన గోనెపట్టా వాసన. పైన అరచెయ్యి మందాన తెల్లబూజు.

మల్లీశ్వరిది ఉదయగిరి పక్కన చెరువుకట్ట కింద పల్లె. చేపలు ఎండబెట్టే ఇంట్లో పెరిగింది కాబట్టి, ఏది పులిసిందో ఏది కుళ్లిందో ఆ ముక్కుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆత్మకూరు దగ్గర ఒక డెయిరీలో, నరికిన పచ్చి మొక్కజొన్నను గుంతలో వేసి తొక్కే కూలికి పదేళ్లు పోయింది. అక్కడికొచ్చే సారా అనే పశువుల డాక్టరమ్మ ఒకరోజు అసలు సంగతి చెప్పింది. గాలి సోకకుండా అణిచిపెడితే గడ్డిలోని బాక్టీరియా పులుపు పుట్టిస్తుంది. ఆ పులుపే మేతను నెలల తరబడి కాపాడుతుంది. గాలి సోకిందా, ఇక బూజుదే పెత్తనం.

తన కాళ్ల కింద కోట్లమంది కూలోళ్లున్నారని తెలిసి మల్లీశ్వరి మురిసిపోయింది. “కూలి అడగరు, బువ్వ అడగరు, బీడీకని లేచిపోరు” అని పల్లెలో చెప్పుకునేది. అప్పటికప్పుడు గడ్డి నరికే మిషను బాడుగకు తీసుకుని సొంతంగా మేత వ్యాపారంలోకి దిగింది. యాభై కిలోల బస్తా, లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు, మూతి బిగించి నలభై ఐదు రోజులు ముట్టకూడదు. బస్తా మూడు వందల యాభై.

కొండాపురంలో రామనారాయణ బర్రెలు మూతి పెట్టనిదే ఇంకెవరి బర్రెలకూ ఆ మేత పడదు. అందుకే ఆయనకు నలభై బస్తాలు అరువుకిచ్చింది. విప్పి చూశాక డబ్బులన్నాడు. విప్పాడు. ఆ నలుగురు రైతులు ఇప్పుడు వెనుదిరిగితే ఆమె మళ్లీ కూలికి పోయి ఇంకొకరి గుంత తొక్కాల్సిందే.

మల్లీశ్వరి బస్తాను పక్కకు దొర్లించింది. దాని భుజం దగ్గర దబ్బనం దూరేటంత చిల్లి. చిల్లిలో కాలిన పుల్ల.

“ఇదేందయ్యా?”

“ఎలక కొట్టుంటాదిమే.”

“ఎలక అగరొత్తులు వెలిగిస్తాదా అయ్యా?”

నలుగురిలో ఒకాయన దగ్గాడు. ఆ దగ్గు నవ్వని అందరికీ తెలుసు. లోపలినుంచి రామనారాయణ భార్య రామసుబ్బమ్మ, కొంగు బిగించుకుంటూ వచ్చింది.

“నేనే పెట్టినా. కంటికి కనపడని జీవాలు లోపలుండి మనకోసం పనిచేస్తాయని నువ్వే గదామే చెప్పినావు? కనపడకుండా మనల్ని కాపాడేది ఎవురు మరి? వట్టిగా పెడితే జారిపోతా ఉంటే దబ్బనంతో పొడిచి గుచ్చినా. శుక్రవారానికి ఒక బస్తా. ఒకదానికే పెడితే మిగతావి ఏమనుకుంటాయి?”

“అమ్మా, వాళ్లకు గాలి పడదమ్మా!”

“గాలి పడని దేవుళ్లు కూడా ఉంటారని నాకేం తెలుసు?”

పల్లెలో కూలోళ్లన్న మల్లీశ్వరి పెద్దింట్లో మర్యాదకని జీవాలంది. ఆ మర్యాదే కొంప ముంచింది. రుజువుకు బస్తాలన్నీ విప్పుదామంటే, విప్పినవన్నీ పాడవుతాయి. కాబట్టి పుల్లలు వెతికింది. ఆరు శుక్రవారాలు, ఆరు పుల్లలు. ఆ ఆరింటినీ అవతలకి లాగించి, “మిగతావాట్లో మీ ఇష్టమొచ్చింది విప్పండయ్యా” అంది.

రామనారాయణ అనుమానం కొద్దీ అట్టడుగున, మూలనున్న బస్తాను లాగించాడు. మూతి విప్పగానే కమ్మటి పులుపు వాసన గుప్పుమంది. ఉలవలు పెట్టినా మూతి తిప్పుకునే ముసలి బర్రె పలుపు తెంచుకున్నంత పని చేసి వచ్చి, బస్తాలో తల దూర్చింది. బయటికి తియ్యమంటే తియ్యదు. చివరికి తలకు బస్తాతోనే కొట్టమంతా తిరిగింది. రామనారాయణ దాని వెనకాల, ఆయన వెనకాల రామసుబ్బమ్మ. బర్రెను పట్టుకునే లోపలే నలుగురు రైతులూ తలా పది బస్తాలు చెప్పేశారు.

రామనారాయణ ఆయాసపడుతూ వచ్చి ముప్పై నాలుగు బస్తాలకు లెక్కకట్టి ఇచ్చాడు.

“ఆరు బస్తాలది తక్కువుండాదయ్యా.”

“అవి దేవుడికి పోయినాయిమే. దేవుడి దగ్గర డబ్బులు అడగతావా?”

“ఏ దేవుడో అడ్రసు చెప్పండయ్యా, పోయి అడగతా.”

రామసుబ్బమ్మ పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి పోయింది.

ఇప్పుడు ఎంత పెద్దింటికి పోయినా మల్లీశ్వరి జీవాలనే మాట ఎత్తదు. “లోపల కూలోళ్లుండారమ్మా” అంటుంది, అంతే. ఆ తర్వాత ఒక్క బస్తాకూ చిల్లి పడలేదు. కూలోళ్లకు అగరొత్తులు వెలిగించే ఇల్లు ఆమెకింకా తగల్లేదు.

రామనారాయణ దగ్గర్నుంచి ఆరు బస్తాల డబ్బు, రెండు వేల వంద రూపాయలు, ఇంకా రావాలి.